దొంగచాటు మేలు

ఆ ఉదయం తాళాలాయన ఆస్పత్రికి వెళ్ళి కుడిచేతి పిండికట్టు చూపించుకొద్దామనుకున్నాడు. మొహం కడుక్కోబోతే, ఆరు నెలలుగా కారుతున్న కుళాయి కారడం మానేసింది. ఇంకొకరైతే సంతోషించేవారు. ముప్పై ఏళ్ళు తాళాలు బాగుచేసి, లోకమంతా దొంగలేనని తేల్చుకున్న మనిషి గుండె గుభేలుమంది.

మొన్న బియ్యం డబ్బా దానంతటదే నిండింది. నిన్న పగిలిన కిటికీకి కొత్త అద్దం వచ్చింది. ఊరికే ఎవరు చేస్తారు? చెయ్యి విరిగినప్పుడు చర్చివాళ్ళు సాయానికొస్తే, అక్కర్లేదని గుమ్మంలోంచే పంపేశాడు. ఇక ఇంటి మారుతాళంచెవి ఉన్నది పక్కవీధిలో ఉండే చెల్లెలి దగ్గరే. ఇల్లు అద్దెకిచ్చి తన దగ్గరికి వచ్చేయమని ఏడాదిగా పోరుతోంది. అయితే ఈ ముస్తాబంతా అద్దెవాళ్ళ కోసమే! భార్య కన్నుమూసిన ఇల్లది, ప్రాణం పోయినా వదలడు.

వెళ్ళి నిలదీస్తే చెల్లెలు చూపు తప్పించి, టీ తాగుతావా అంది. తప్పు చేసినవాళ్ళే టీ ఇస్తామంటారని ఆయన సిద్ధాంతం. ఆస్పత్రికని చెప్పి బయల్దేరి, తన ఇంటి వీధి మలుపులో నక్కాడు. పావుగంటలో చెల్లెలు, రంగు డబ్బాలతో చర్చికొచ్చే నర్సమ్మ, నిచ్చెన మోస్తూ పాస్టరుగారు ఆయన ఇంట్లోకెళ్ళారు. పాస్టరు కూడానా! తాళాలాయన పిల్లిలా వెళ్ళి, తను చేసినవాటన్నిటిలోకీ గట్టి తాళం బయట వేసి, ఎడమచేత్తో తాళంచెవి తిప్పాడు. చెవి విరిగి సగం లోపలే ఉండిపోయింది.

"అద్దె ఎంతకి మాట్లాడారు?" అన్నాడు తలుపులోంచి.

"అద్దేంటి అన్నయ్యా? నువ్వెలాగూ రావు. ఇక్కడే ఉండేవాడికి కురవని కప్పయినా ఉండాలిగా."

"మీరు సాయం వద్దన్నారు బాబాయ్‌గారూ," అన్నాడు పాస్టరు. "మేలు మూడోకంటికి తెలియకూడదని నేనే ప్రసంగంలో చెప్పాను. అందుకే మీకూ తెలియనివ్వలేదు."

తాళాలాయన మెట్టు మీద కూలబడ్డాడు. సిగ్గుతో చెవులు కాలాయి, కళ్ళు తడిశాయి. ఆ తాళం ఒంటిచేత్తో వచ్చేది కాదు. చివరికి దారినపోయే పాలాయన్ని ఆపి, జన్మలో అనని మాట అన్నాడు.

"బాబూ, కాస్త చెయ్యి సాయం చేస్తావా?"

ఇద్దరికీ రెండు గంటలు పట్టింది. ఈలోగా లోపలివాళ్ళు లోపల్నుంచే కప్పుకి అతుకులేసి, గోడలకి రెండో పూత కూడా వేసేశారు.

చెయ్యి నయమయ్యాక ఒక శనివారం ఆయన చర్చి తలుపుకున్న తుప్పు తాళం తీసి, మూడోకంటికి తెలియకుండా కొత్తది బిగించాడు. చేసిన మేలు చెప్పుకోకూడదు కనుక తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. ఆదివారం ఆరాధన మెట్ల మీద జరిగింది.