సవ్య దిశలో ప్రారంభోత్సవం

కార్ఖానా అనే పేటలోని మా కాలనీకి సీతాకోకచిలుక వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. రెక్కలున్నది కాదు, ఇనుపది. బటర్‌ఫ్లై వాల్వు అంటారు. పెద్ద నీళ్ల పైపు లోపల పళ్లెంలాంటి బిళ్ల ఒకటి ఉంటుంది. అడ్డం తిరిగితే నీళ్లు ఆగుతాయి, పైపు పొడవునా తిరిగితే పారుతాయి. తిప్పడానికి పైన గేర్ల పెట్టె, దానికో చక్రం. బయట చక్రాన్ని ఆయాసం వచ్చేదాకా తిప్పినా లోపల బిళ్ల కదిలేది పావు చుట్టే. శ్రమకూ ఫలితానికీ ఇలాంటి సంబంధం మా సంక్షేమ సంఘానికి అలవాటే కాబట్టి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

పాత వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఒకనాడు మా వీధి కుర్రాళ్లు గడ్డపార దూర్చి బలంగా తిప్పితే వాల్వు కదలలేదు, కాలనీ తిరిగింది. తూర్పు ముఖంగా ఉండే మా ఇల్లు అప్పటినుంచి ఆగ్నేయం చూస్తోంది. నమ్మనివారు దిక్సూచితో రావచ్చు, టీ నేనిస్తాను.

కొత్తదాన్ని రెజిమెంటల్ బజార్‌లో కొన్నాం. ప్లంబర్ లూకా బిళ్లను కాస్త ఓరగా తెరిచి, రెండు పైపుల అంచుల మధ్య నిలబెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించాడు. మూసి బిగిస్తే లోపలి రబ్బరు పట్టీ నలుగుతుందట. తర్వాత పూర్తిగా తెరిచాడు. ఇంటింటికీ నీళ్లు వచ్చాయి. పని అయిపోయింది కాబట్టి ఇక ప్రారంభించడమే మిగిలింది.

శనివారం పొద్దున్నే షామియానా వేశారు. అదే మధ్యాహ్నం లెక్కల టీచరుగా రిటైరైన రోసమ్మగారింట్లో కూతురు ఎలీనా నిశ్చితార్థం. వాకిట్లో బిర్యానీ మాస్టరు అప్పటికే బియ్యం కొలిచి పోశాడు.

అధ్యక్షులు హరికిషన్‌గారు మైకందుకున్నారు. "సోదరసోదరీమణులారా! నీరే ప్రాణం. ఆ ప్రాణానికి ద్వారం ఈ వాల్వు. ఈ ద్వారాన్ని తెరిచే భాగ్యం నాకు దక్కింది!" అని కొబ్బరికాయ కొట్టి చక్రం మీద చెయ్యి వేశారు.

లూకా మెల్లగా అన్నాడు. "సార్, తెరిచే ఉన్నది. ఎడమకు తిప్పితే తెరుసుకుంటది, కుడికైతే బందయితది. మీరు జెర ఉత్తగ ముట్టుకోండ్రి, చాలు."

కార్యదర్శి తుకారాంగారు ఉలిక్కిపడ్డారు. "ఎడమకా? శుభకార్యంల అపసవ్యం ఏందిరా లూకా! గది తద్దినాలకు. గుడి సుట్టు ఎటు తిరుగుతం? కుడికి తిప్పుండ్రి అన్నా, కుడికి!"

మా ఊరి బడిలో గడియారం ముల్లు తిరిగే వైపును సవ్య దిశ అనీ, ఎదురు వైపును అపసవ్య దిశ అనీ నేర్పారు. పితృకార్యాల్లో జంధ్యం అటుమార్చి వేసుకోవడాన్నీ అపసవ్యమనే అంటారు. ఒకే మాట రెండుచోట్ల కొలువు చేస్తే ఇలాంటివి జరుగుతాయి.

అధ్యక్షులు చెమటలు కక్కుతూ కడదాకా తిప్పారు. బ్యాండు మోగింది. చప్పట్లు కొట్టాం. కాలనీలోని కుళాయిలన్నీ ఒక్కసారి దగ్గి ఊరుకున్నాయి.

వెంటనే వాల్వున్న గుంత దగ్గరే అత్యవసర సమావేశం జరిగింది. కోశాధికారి విజయేందర్‌గారు, "వాల్వును తిరగేసి బిగిస్తే?" అన్నారు. "తిరగేసినా కుడికే బందయితది సార్" అంటూ లూకా చక్రం మీద చెయ్యి వేయబోయాడు. తుకారాంగారు ఆ చెయ్యి పట్టుకున్నారు. "ఆగు! నీకు కూలి సంఘమిచ్చింది. నీ చెయ్యంటే మా చెయ్యే. పాపం మాకే తగుల్తది."

అప్పుడు రోసమ్మగారు ఖాళీ బిందెతో వచ్చారు.

"ఏందయ్యా తుకారాం, చుట్టాలు ఆటో దిగుతున్నరు. బియ్యం కడగనీకి సుక్క లేదు."

తుకారాంగారి ముఖం వెలిగింది. "మేడం, మీకు తద్దినాల పట్టింపు లేదు గదా. జెర మీరే ఎడమకు తిప్పుండ్రి. గట్లనే మీ ప్రార్థన సుత చేసుకోండ్రి."

"మా ప్రభువు పెండ్లింట్ల నీళ్లను ద్రాక్షారసం చేసిండు. గానీ ముందుగాల నీళ్లైతే ఉండాలె గదా!" అంటూ ఆమె కొంగు దోపి గుంతలోకి దిగారు. "మీ పిల్లలందరికీ సవ్యం, అపసవ్యం నేర్పిచ్చింది నేనే. బందు పెట్టుడును ప్రారంభం అంటరని మాత్రం ఇయ్యాల్నే నేర్చుకున్న."

చక్రం తిరిగింది. నీళ్లొచ్చాయి. బిర్యానీ అయింది, ఉంగరాలు మారాయి. కమిటీ మొత్తం వెళ్లి రెండేసిసార్లు వడ్డించుకుంది.

అప్పటినుంచి మా కాలనీలో పద్ధతి స్థిరపడింది. పొద్దున వాల్వు తెరిచేది రోసమ్మగారు, చూసేవారుండరు. సాయంత్రం మూసేది పెద్దమనుషులు, వంతులవారీగా, శాలువాతో. గోడమీద పాలరాతి పలక: "ఈ వాల్వును శ్రీ హరికిషన్‌గారు స్వహస్తాలతో తిప్పి ప్రారంభించినారు." అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

మూసిన ప్రతిదాన్నీ ప్రారంభించినట్టు చెప్పగల నేర్పు అరుదు కదా, ఇప్పుడాయనకు దూరాన ఉన్న కాప్రా పేట దాకా పిలుపులు వస్తున్నాయి. మీ కుళాయి ఉన్నట్టుండి దగ్గి ఊరుకుంటే పరేషాన్ కావద్దు. మీ వీధి చివర షామియానా వేసి ఉంటుంది. వెళ్లండి, ముందు వరుసలో కుర్చీ ఉంటుంది. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో మీకు నేను చెప్పక్కర్లేదు, నాకంటే మీకే బాగా అలవాటు.