అత్-బాషీ సంతలో తోడల్లుళ్ల కత్తి సమరం

తొలిమంచు తియాన్-షాన్ మహాగిరులకు వెండి కిరీటాలు తొడిగిన వేళ, గుర్రాల ముక్కుపుటాల నుండి ఆవిర్లు హోమధూమంలా పైకి లేస్తుండగా, గొర్రెల అరుపులు దుందుభులై, గాడిదల ఓండ్రింపులు శంఖారావాలై దిక్కులు పిక్కటిల్లుతుండగా, అత్-బాషీ ఆదివారపు సంత అనే ఆ మహారణరంగంలోకి, తెల్ల ఉన్ని టోపీ శిరస్త్రాణమై మెరయగా, జేబులో గొర్రెతోక కొవ్వు ముద్ద బ్రహ్మాస్త్రమై బరువు తూగగా, ధీరోదాత్తుడు ఇమానాలి ప్రవేశించాడు. వినండి సభాసదులారా! నా ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని ఆ సమరం ఆద్యంతం చూసినవాణ్ని నేను. ఒక్క అక్షరం కూడా పొల్లుపోనివ్వను.

ఆ ఇమానాలి ఎటువంటివాడు? గురి తప్పని మగధీరుడు. అతని తుపాకీ మోత వింటే ఎదుటి కొండమీద అడవిమేక ప్రాణభయంతో కంపించేది. అయితే, హా విధీ! మృగం నేలకూలిన ఉత్తరక్షణం నుండీ అతని పరాక్రమం పడమటి సూర్యుడిలా అస్తమించేది. తోలు వొలవడం అతని చేతకాదు. నిరుడు అత్తగారి టోపీ కోసం కొట్టిన నక్క చర్మానికి సరిగ్గా నుదుటి దగ్గర చిల్లు పెట్టాడు. అత్తగారు బూఆజార్ ఆ చిల్లుకు కుందేలు తోలు మాటువేయించి, ఆ టోపీనే ఊళ్లో ప్రతి పెళ్లికీ పెట్టుకుని వెళ్లేది. ఎవరైనా అడిగితే చాలు, "ఇదా? మా పెద్దల్లుడు పెట్టిన కిటికీ. గాలి బాగా వస్తుంది," అనేది.

ఇక ఆ ఉదయమే మామగారు సాత్కిన్‌బాయ్, కనుబొమల మీద నెరిసిన వెంట్రుకలు సింహపు జూలులా కదులుతుండగా, అల్లుళ్లిద్దరినీ నిలబెట్టి శాసనం చేశాడు.

"నా మోకాళ్లు అయిపోయినాయి. రేపు వేటకి కొండ ఎక్కేదే ఆఖరిసారి. ఒక్కణ్ని వెంట తీసుకుపోతా. మధ్యాహ్నం గొర్రెని కోస్తున్నాం. చిల్లు పడకుండా తోలు ఎవడు వొలిస్తే వాడే."

ఈ మాటకు ఇమానాలి హృదయం డప్పులా మోగింది. పెళ్లైన నాటి నుండీ మామగారి వెంట ఆ పైకొండలకు ఎక్కాలన్నది అతని కోరిక. మామగారు ఏనాడూ రమ్మనలేదు. రేపు దాటితే ఇక రమ్మనడానికి మరో రోజంటూ ఉండదు.

తన ఓటమికి కారణం చేయి కాదు, కత్తి అని నిశ్చయించుకుని అతడు సంతకు బయల్దేరాడు. భార్య గుల్‌సున్ గుమ్మంలో అడ్డం వచ్చింది.

"ఎక్కడికి?"

"ఉప్పు తేవడానికి."

"ఇంట్లో బస్తాల కొద్దీ ఉంది కదయ్యా!"

"అది వేరే ఉప్పు," అని పలికి, సత్యసంధుడైన ఆ వీరుడు వెనుదిరిగి చూడకుండా గుర్రమెక్కాడు.

కత్తుల ముకష్ దుకాణం! బల్ల మీద పరిచిన ఒక గొంగళి నిండా బారులు తీరిన చురకత్తులు, పిడికత్తులు, వంకరకత్తులు, అక్షౌహిణులుగా మోహరించి ఎండకు తళతళలాడుతున్నాయి. వాటి సేనాధిపతియైన ముకష్ తోడేలు తల చెక్కిన పిడి గల ఒక మహాఖడ్గాన్ని పైకెత్తాడు.

"అన్నా, ఇది పట్టుకో! దీన్ని చూస్తే తోడేలు దానంతటదే చొక్కా విప్పేస్తుంది."

ఇమానాలి ఆ ఆయుధాన్ని అందుకుని, దాని సూదిమొనను తేరిపార చూసి, మనసులోనే ఇట్లు గర్జించాడు: "ఓరి దుర్మదాంధ ఖడ్గమా! నీ మొన వంటి తీక్ష్ణాగ్రమే గదా నిరుడు నా కీర్తిచంద్రునికి చిల్లు పొడిచినది! చర్మమును మాంసమును విడదీయు సున్నిత కార్యమున, పొడుచువాడు శత్రువు, జారువాడు మిత్రుడు. పొమ్ము!" పైకి మాత్రం, "మొన గుచ్చుకుంటది ముకష్. వేరేది చూపించు," అన్నాడు.

రెండవది అడవిమేక కొమ్ము పిడి గల కత్తి. పాలమీగడలా నునుపైన పిడి. సామాన్యుడైతే అక్కడే మోసపోయేవాడు. ఇమానాలి మాత్రం, వొలిచే చెయ్యి ఎన్నడూ పొడిగా ఉండదన్న పరమ సత్యం ఎరిగినవాడు కనుక, జేబులోని కొవ్వు ముద్దను తీసి, రెండు అరచేతులకూ నిండా పులుముకుని, కొమ్ము పిడిని బిగించి పట్టుకుని, ఊహాగొర్రె మీద ఒక్క విసురు విసిరాడు. తక్షణమే ఆ కత్తి, వింటిని వీడిన నారాచంలా, రివ్వున గాలిలోకి లేచి, పక్క దుకాణంలో గుట్టగా పోసిన ఖర్బూజాలలో అతిపెద్దదాని గుండెలో పిడిదాకా దిగబడింది.

ఖర్బూజాల జుమాగుల్ నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. "కత్తి మంచిదో కాదో నాకు తెలీదు తమ్ముడూ. పండు మాత్రం నీదే. ఎత్తుకో."

ఎత్తుకున్నాడు. చంకలో క్షతగాత్రమైన ఖర్బూజా రసం కారుస్తుండగా, ఆ మహావీరుడు మళ్లీ గొంగళి వైపు వంగాడు. అప్పుడు కనిపించింది. ఒక మూల, ఒక గుడ్డపీలిక కింద, బెత్తెడు కూడా లేని నల్లని ఉక్కు. విదియ చంద్రుడిలా వంపు తిరిగిన అంచు, వినయవంతుడైన శిష్యుడిలా కిందికి వంగిన మొన, నేరేడు పళ్లంత నల్లగా నూనె తాగిన ఖుబానీ పండ్ల చెట్టు చెక్క పిడి. ఏ శిల్పమూ లేదు, ఏ తోడేలూ లేదు. ఇమానాలి చేయి చాచాడు. అదే క్షణంలో, వేలాడదీసిన తివాచీ వెనుక నుండి మరొక చేయి చాచుకు వచ్చింది. ఆ చేతికీ నిండా కొవ్వు!

తివాచీ తొలగింది. అక్కడ నిలిచినవాడు ఎవడు? తోడల్లుడు ఉలార్‌బెక్! ప్రతి విందులోనూ దిక్సూచి, రంపం, దీపం, దువ్వెన అమర్చిన పట్నపు కత్తిని ఊపుతూ ఇమానాలిని ఉడికించే ప్రతినాయకుడు!

"నువ్వా! టైరు పంక్చరు వేయించుకోవాలన్నావు?"

"నువ్వు ఉప్పన్నావు కదన్నా!"

"నీ దిక్సూచి కత్తి ఏమైంది?"

ఉలార్‌బెక్ తల దించుకున్నాడు. "మొన్న మేక మీద పెట్టి చూశా. ఉత్తరం ఎటో తెలిసింది. అంతే."

"సరే, ఇది వదులు. ముందు నేను చూశా."

"ముందు నేను పట్టుకున్నా!"

అంతట ఆరంభమైంది ఘోర సంగ్రామం. ఒకడు పిడిని, ఒకడు వాడి మణికట్టును పట్టి, కొండలను కవ్వాలుగా చేసి సాగరం చిలికినట్లు అటూ ఇటూ లాగుతుండగా, గొంగళి మీది సైన్యాలు చెల్లాచెదరయ్యాయి. ముకష్ నెత్తి కొట్టుకుంటూ, "ఒక్కటే ఉందయ్యా! కమ్మరి తన కొడుకు పెళ్లికి పోయాడు, మళ్లీ ఎప్పుడు కొలిమి ముట్టిస్తాడో!" అని ఆక్రోశించాడు.

అప్పుడు, జనసముద్రం మీద తేలుతూ, నుదుట కిటికీ గల నక్కతోలు టోపీ ఒకటి ఇటే రావడం ఇద్దరూ చూశారు. బూఆజార్! అత్తగారు! ఉల్లిపాయల కోసం!

కత్తి కోసం సంతలో కొట్టుకున్నారని ఆవిడ నోట పడితే ఇక లోయలో తలెత్తుకు తిరగడం కల్ల. వీరులిద్దరూ ఏకకాలంలో బల్ల కిందికి దూరారు. ఆవిడ నా దగ్గర ఉల్లిపాయలు ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నంతసేపూ, ఆ బల్ల కింద నాలుగు కాళ్ల మీద, మధ్యలో ఖర్బూజా సాక్షిగా, సంధి జరిగింది.

"చెరి సగం కొందాం అన్నా. చెరి సగం వొలుద్దాం. వెన్నుపూసకి అటు నువ్వు, ఇటు నేను."

"చిల్లు పడితే?"

"ఎవడి సగంలో పడితే వాడిది."

మధ్యాహ్నం. మామగారి వాకిట, కోసిన గొర్రె నేల మీద వెల్లకిలా ఉంది. అటు ఇమానాలి, ఇటు ఉలార్‌బెక్. ఒకే కత్తి చేతులు మారుతోంది. పొట్ట మీది గీత, తొడల మీది గీతలు, పిడికిలితో తోలు కిందకి తోయడం, అన్నీ దాటి, ఆఖరికి తోక దగ్గరికి వచ్చారు. అక్కడ తోలు ఉల్లిపొరంత పలచన. కొవ్వును కరుచుకుని వదలదు. వంతు ఇమానాలిది. ఆ క్షణాన అతని చెవులకు లోకం వినబడలేదు. అత్తగారి టోపీ కళ్ల ముందు నాట్యమాడింది.

"మెల్లగా అన్నా," అన్నాడు ఉలార్‌బెక్, శత్రుత్వం మరిచి గుసగుసగా. "మొన తగలనీకు. వంపుతో గీరు. నేను తోలు బిగబట్టి ఉంటాలే."

పట్టాడు. ఇమానాలి కత్తి వంపుతో మెల్లగా గీరాడు. తోలు చిన్నగా చప్పుడు చేసి విడిపోయింది.

సాత్కిన్‌బాయ్ ఆ చర్మాన్ని ఎత్తి సూర్యుడికి అడ్డం పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక్క కిరణమైనా లోపలికి రాలేదు.

"పర్లేదు," అన్నాడు.

బూఆజార్ చేతిలోని గరిటె దభాలున జారిపడింది. "కాపురానికి వచ్చినప్పటి నుంచీ నా మాంసం చారుకి కూడా ఆ మాట అనలేదు ఈ మనిషి!"

ముసలాయన కత్తిని తన ప్యాంటుకు తుడిచి, గోరు మీద ఆనించి చూసి, తలాడించి, నింపాదిగా తన బూటులోకి దోపుకున్నాడు.

"మామయ్యా..." అన్నాడు ఇమానాలి. "మరి కొండకి ఎవరు?"

"ఇద్దరూ రండి. ఒకడు గుర్రాలు పట్టుకోవాలి. ఒకడు టీ కాయాలి. తోలు నేను వొలుస్తా."

అంతే! ఉలార్‌బెక్ పిడుగులా దూకి కళ్లేలు రెండూ చేజిక్కించుకుని, విజయగర్వంతో చుట్టూ చూశాడు. ఇమానాలికి మిగిలింది మసిబారిన కెటిల్. దాన్ని అందుకుని ఒక్క క్షణం దాని వంకే చూశాడు. పిదప, మబ్బు విడిచిన సూర్యబింబంలా అతని ముఖం వికసించింది.

"పట్టుకో తమ్ముడూ, గట్టిగా పట్టుకో! పైన మంచుగాలి చెవులు కోసేస్తుంటది. గుర్రాలు పట్టుకున్నోడు నిలబడాలి. టీ కాసేవాడు మామయ్య పక్కన, పొయ్యి దగ్గర కూర్చోవాలి."

ఉలార్‌బెక్ ముఖం వాడిపోయింది. "అన్నా, మారుద్దామా?"

"కుదరదు."

సకల దిక్పాలకులారా, ఆలకించండి! అత్-బాషీ వాసులారా, చాటండి! సంతను గెలిచి, ఖర్బూజాను గుచ్చి, బల్ల కింద సంధి చేసి, గొర్రెతోకను దాటి, చివరికి తాను కొన్న కత్తిని కూడా పోగొట్టుకున్న మహాశూరుడు ఇమానాలి, మూత సరిగా పట్టని ఆ కెటిల్‌ను ఛాతీకి హత్తుకుని, మామగారి పక్కన కూర్చునే చోటును జయించాడు!