పద్దెనిమిదో డిగ్రీపై దండయాత్ర

సూర్యుడికి ఉదయించే శ్రమగానీ అస్తమించే అలసటగానీ లేని మహాశూన్యంలో, వేలమంది జీవుల్ని కడుపున పెట్టుకుని బొంగరంలా తిరిగే ఆ లోహచక్రనగరంలో, పంపుల గదికీ నీళ్ల ట్యాంకులకీ నడుమ ఇరుక్కున్న తొమ్మిదిళ్ల పన్నెండో వరసలో, ఏడాదికొక్కసారి మాత్రమే వచ్చే ఆ ఉదయాన, పది గంటలకు ఇంకా పావుగంట ఉందనగా, లోహఖండవాణిజ్యధురంధరుడూ, జీర్ణయంత్రసంజీవకుడూ, బేరసంగ్రామభీముడూ అయిన పాతసామాను వ్యాపారి చేతిలో ఉన్నవి ఇవి: ఐదు అరచేతులు, ఇద్దరు తోటి కుట్రదారులు, ఒక భార్య, మధ్యాహ్నం పన్నెండింటి దాకా ఆ భార్య పెట్టిన గడువు.

అరచేతులంటే కంగారు పడక్కర్లేదు. అవి ఎవరి ఒంటికి వాళ్ల ఒంటికే అతుక్కుని క్షేమంగా ఉన్నాయి. ఆ వరసలో వేడి ఎంత ఉండాలో చెప్పేది నడవా మధ్యలో గోడకు బిగించిన ఒక ఇనుప పెట్టె. పెట్టె ఒక్క పక్షం మాటే వింటుంది. ఆ పక్షం ఎవరిదన్నది ఏడాదికోసారి తేల్చుకుంటుంది. ఆ రోజు పది గంటలకు పాత ముద్రలన్నీ తుడిచేసి ఇంటికో అరచేయి అడుగుతుంది. ఎవరి వైపు ఐదు చేతులు పడితే వాళ్లకు పచ్చదీపం వెలిగించి పగ్గాలిస్తుంది. మనసు మారినవాళ్లు పన్నెండు దాకా చేయి మార్చుకోవచ్చు. పన్నెండింటికి గంట కొట్టిందంటే మళ్లీ ఏడాది దాకా ఎవరు మొత్తుకున్నా వినదు.

పదకొండేళ్లుగా ఆ పగ్గాలు సామానాయన అత్తగారివి. ముప్పై ఏళ్లు పంపులు బాగుచేసి విశ్రమించిన ఆ జలయంత్రవైద్యశిరోమణి, ఆ శీతలసామ్రాజ్యాధిష్ఠాత్రి, పద్దెనిమిది డిగ్రీలను ఒక్క చుక్క అటూ ఇటూ కదలనివ్వలేదు. "వేడి పెరిగితే గొట్టాలకు చెమట పడుతుంది, మనుషులకు బద్ధకం పడుతుంది" అన్నది ఆవిడ రాజ్యాంగం మొత్తం.

సామానాయనకు పద్దెనిమిదితో సొంతంగా వైరం లేదు. ఆయనకు ఒంటి మీద రెండు స్వెట్టర్లూ, నోటి నిండా బేరమూ ఉంటాయి కాబట్టి చలి దగ్గరికి రాదు. బాధంతా భార్యది. చక్రం బయట పనిచేసే వాళ్ల చేతితొడుగులు ఆవిడ కుడుతుంది. ఒక్కో వేలికి రెండొందల కుట్లు. ఒక్క కుట్టు వదులైతే లోపలున్న వేలు పోతుంది. పద్దెనిమిదిలో ఆవిడ వేళ్లు కొయ్యబారుతున్నాయి. మూడో వరసలో ఇరవై రెండు డిగ్రీల కుట్టుశాల ఉంది, పక్కనే పడుకోవడానికి గది ఇస్తారు, పదిరోజులకోసారి ఇంటికి పంపుతారు. ముందురోజే ఆవిడ సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టింది.

"గంట కొట్టేసరికి మన ఇంట్లో నా చేతిలో సూది నిలవాలి. లేదా ఒంటిగంట బండికి వెళ్లిపోతా" అంది. "కోపం కాదండీ. వేళ్లు."

కోపమైతే సామానాయన బేరం ఆడి ఉండేవాడు. వేళ్లతో బేరం ఎలా ఆడాలో ఆయనకు తెలీలేదు. అందుకని రాజ్యాన్నే కూలదోద్దామనుకున్నాడు.

కుట్రలో రెండోవాడు బావమరిది, అంటే అత్తగారి సొంత కొడుకే. గాలి జల్లెడలు కడిగే ఉద్యోగం. మూడోవాడు కత్తెరాయన. చలికి జనం టోపీలు తీయరు, టోపీ తీయకపోతే కత్తెర ఆడదు. తమ మూడు చేతులూ పోను ఇంకో రెండు కావాలి. చివరింటి పంతులమ్మకు తలుపుకు రెండు మడతబందులు, కవలల తల్లికి ఒక కెటిల్ ఇస్తానని సామానాయన మాటిచ్చి ఆ రెండూ సంపాదించాడు. ఇవ్వడం మాత్రం గంట మోగాకే. ఇరవయ్యేళ్ల వ్యాపారంలో ఆయన ఎన్నడూ తప్పని కట్టు అదొక్కటే: బేరం ముగిసే దాకా సరుకు చేయి దాటకూడదు.

పదైంది. పెట్టె కళ్లు మూసి తెరిచింది. అంతట ప్రచండక్షురధారి, శ్మశ్రువనచ్ఛేదనచణుడు అయిన కత్తెరాయన ముందుకురికి, కత్తి పైకెత్తి, నడవా దద్దరిల్లేలా పలికాడు:

"ఓయి అష్టాదశాంకాధమా, ఎన్ని గడ్డములు నీ భయమున పొదలై పెరిగినవి, ఎన్ని శిరస్సులు ఉన్నిటోపీల చెరలో మగ్గినవి, ఎన్ని దువ్వెనలు పంటి మీద పన్ను వేసికొని పస్తులున్నవి. నేడు నీ ఆయువు చెల్లినది. ఇదిగో నా బాహుదండము, ఇదిగో దాని చివర నా..."

"సర్లే అన్నా, ముందు ఆ చేయి అక్కడ పెట్టు" అన్నాడు బావమరిది.

పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పంతులమ్మ వచ్చి పెట్టింది. కవలల తల్లి ఇద్దర్నీ రెండు చంకలకెత్తుకుని, చేయి ఖాళీ లేక మోచేయి పెట్టబోతే పెట్టె ఒప్పుకోలేదు. సామానాయన ఒక పిల్లాణ్ణి అందుకున్నాక ఐదోచేయి పడింది. పచ్చదీపం వెలిగింది. పది గంటల తొమ్మిది నిమిషాలకు పదకొండేళ్ల సామ్రాజ్యం కూలిపోయింది. అత్తగారి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"అమ్మ జడుసుకుంది బావా."

"మీ అమ్మా?" అన్నాడు సామానాయన. లోపలెక్కడో తక్కెడ కొద్దిగా ఒరిగింది. కానీ అప్పటికే బావమరిది పెట్టె ముందు నిలబడి ముల్లు తిప్పేస్తున్నాడు.

"ఇరవై రెండు చాలురా."

"ఇరవై రెండు గుమాస్తాలకి బావా. గెలిచినవాళ్లకి ముప్పై" అని చివరికంటా తిప్పాడు.

విజయమన్నది మనిషికి ఎక్కితే ఎంత లెక్కగాడికైనా కూడిక తీసివేత మరుపొస్తుంది. ఇరవయ్యేళ్ల కట్టు ఆ క్షణాన తెగింది. సామానాయన కొట్లోకి వెళ్లి మడతబందులు తెచ్చి పంతులమ్మ చేతిలో, కెటిల్ తెచ్చి కవలల తల్లి చేతిలో పెట్టేశాడు. "ఉంచుకోండమ్మా, ఇవాళ మన రోజు" అన్నాడు. ఆ మాట ఆయన నోట విన్నవాళ్లు అంతకు ముందు లేరు.

సంబరం కత్తెరాయన కొట్లో. పదడుగుల గది, పంతొమ్మిది మంది జనం, మరుగుతున్న రెండు కెటిళ్లు. స్వెట్టర్లు గుట్టపడ్డాయి. కత్తెరాయన వచ్చినవాడినల్లా కుర్చీలో కూలేసి ఉచితంగా గడ్డం గీస్తున్నాడు. నురగ పూసిన చెంపల నడుమ రాజ్యవిభజన జరిగింది. కత్తెరాయన కేశమంత్రి అయ్యాడు. బావమరిది తనను తాను వాయుసేనాపతిగా ప్రకటించుకుని, జల్లెడ కడిగే బ్రష్షుతో గోడమీద పటం గీశాడు.

"పన్నెండో వరస మనదైంది కదా బావా. వచ్చే ఏడు పదకొండో వరస, పైయేడు పది. ఆరేళ్లలో చక్రం మొత్తం ముప్పై."

"పదకొండో వరసలో నీకెవరు తెలుసు?"

"ఎవరూ తెలీదు. వాళ్లకే తెలుస్తుంది."

సామానాయన ఇంటికి పరుగెత్తాడు. భార్య సంచి పక్కనే కూర్చుని కిటికీ బిళ్లలోంచి చుక్కల్ని చూస్తోంది.

"గెలిచేశాం" అన్నాడు.

"గంట కొట్టిందా?"

"ఇంకా లేదు. దీపం వెలిగింది."

"కొట్టాక చెప్పండి" అంది. ఆ ఇంట్లో అసలు వ్యాపారి ఎవరన్నది సామానాయనకు ఎప్పుడూ కొంచెం అనుమానమే.

పదకొండింటికి గది ఇరవై ఆరు దాటింది. పదకొండుంబావుకు ఇరవై తొమ్మిది. పంతొమ్మిది మంది ఊపిరీ, రెండు కెటిళ్ల ఆవిరీ పైకి లేచి, కప్పు కింద వరసగా సాగే ట్యాంకుల చన్నీళ్ల గొట్టాలను తాకాయి. మొదటి చుక్క కుర్చీలో ఉన్నవాడి ముక్కు మీద పడింది. రెండోది నురగలో. ఆ పిమ్మట, కారుమేఘం కనబడకుండానే, ఉరుము వినబడకుండానే, పదకొండేళ్లుగా చల్లగా ఒదిగి ఉన్న ఆ గొట్టాల బారు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్కసారిగా చెమటోడ్చి, కేశమంత్రి నెత్తి మీదా, వాయుసేనాపతి పటం మీదా, సగం గడ్డం గీసిన వీరుల చెంపల మీదా, స్వెట్టర్ల గుట్ట మీదా, ఆరేళ్ల దిగ్విజయయాత్ర మీదా ధారలు కట్టి కురిసింది. కత్తిరించి పడేసిన వెంట్రుకలన్నీ లేచి ఎవరి మెడకు వీలైతే వాళ్ల మెడకు అంటుకున్నాయి. ఒక యోధుడు కుడిచెంప నున్నగా, ఎడమచెంప గుబురుగా నడవాలోకి పారిపోయాడు.

అప్పుడు తెరుచుకుంది అత్తగారి తలుపు.

పదకొండేళ్లనాటి అదే స్వెట్టరు, ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో పానా. సామ్రాజ్ఞి నడవా దాటి వచ్చి, ఎక్కువ కారుతున్న చోట బకెట్ పెట్టి, పైకి చూసి, కిందికి చూసి, అల్లుణ్ణి చూసింది.

"ఏం అల్లుడూ, స్నానాలయ్యాయా?"

పంతులమ్మ గొంతు సవరించుకుంది.

"ఏమీ అనుకోకండి సామానాయనా. నా పుస్తకాలన్నీ తడిసిపోతున్నాయి. నేను చేయి మార్చుకుంటా."

"మరి మడతబందులమ్మా?"

"ఇచ్చేశారు కదా" అంది ఆవిడ, ఎంతో మర్యాదగా.

కవలల తల్లి ఇంకా నయం. "కెటిల్ బాగుందండీ, తొందరగా మరుగుతోంది" అని చెప్పి మరీ వెళ్లింది. వెనకాల కత్తెరాయన తల దించుకుని, "కత్తులు తుప్పు పడతాయన్నా" అన్నాడు. సామానాయన బావమరిది కోసం చూశాడు. వాడప్పటికే పెట్టె దగ్గర నిలబడి ఉన్నాడు.

"నువ్వూనా?"

"అమ్మ పిలవలేదు బావా, నేనే వచ్చా. చొక్కా పిండితే అరలీటరు వచ్చింది."

పదకొండూ నలభై ఎనిమిదికి పెట్టె లెక్క ఇదీ: ఎనిమిది చేతులు అత్తగారికి, ఒకటి సామానాయనకు. ఆ ఒకటి ఆయన సొంతం. దాన్నింకా పలక మీదే ఉంచి నిలబడ్డాడు. తీస్తే ఓడినట్టు, ఉంచితే ఏమైనట్టో ఆయనకే తెలీదు.

అత్తగారు ముల్లు పద్దెనిమిదికి తిప్పింది. "ముప్పై డిగ్రీలతో మీకేం పని?"

"ముప్పై కాదత్తయ్యా. ఇరవై రెండు." ఆగాడు. "మీ అమ్మాయికి వేళ్లు వంగట్లేదు. గంట కొట్టాక మూడో వరసకి వెళ్లిపోతానంటోంది."

ఆవిడ పానాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"అడిగితే లేదంటారని."

"లేదనే అనేదాన్ని. ఒక్క గది కోసం వరసంతా తడుపుతామా? మీ ఇంట్లోనే, కొట్టు లోపలి గోడలో వేడినీళ్ల గొట్టం ఉంది, దానికో వాల్వు ఉంది. మీ పెళ్లయిన వారానికే చెప్పాను, ఆ గోడకి సామాను ఆనించొద్దని."

సామానాయన అరచేయి పలక మీంచి దానంతటదే జారింది.

"నేనేమన్నాను అప్పుడు?"

"'సరే అత్తయ్యా' అన్నారు."

పదకొండేళ్ల సరుకు ఉంది ఆ గోడకి. దాని వెనక వేడి ఉంది. దానికోసం ఆయన ఒక రాజ్యాన్ని కూలదోసి వచ్చాడు.

ఇక పది నిమిషాలు. అత్తాఅల్లుళ్లు కొట్లోకి దూరారు. తడిసిన తల తుడుచుకుంటూ బావమరిది కూడా వచ్చాడు, ఏ ముఖంతో అని ఎవరూ అడగలేదు. అనంతరం జరిగినది వర్ణింప శక్యమా. విరిగిన పంకాలు, మూగబోయిన మైకులు, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు, ఎప్పటికైనా ఎవరైనా అడుగుతారని దాచిన మూడువందల మరలు, ఎవరూ అడగరని తెలిసీ దాచిన నాలుగువందల మరలు, అన్నీ వీరమరణం పొందినట్టు నడవాలోకి ఒరిగాయి.

"అది జాగ్రత్తరా, మంచి మోటారు."

"తిరుగుతుందా బావా?"

"తిరగదు. మంచి మోటారు."

చివరి అర కదిలింది. దుమ్ము కింద అరచేతి వెడల్పున ఎర్రటి వాల్వు కనబడింది. అత్తగారు పానా అందించింది. ఆయన బిగించి, కాలు గోడకి తన్ని, ఇరవయ్యేళ్ల బరువులెత్తిన భుజాన్నంతా వేసి తిప్పాడు. కిర్రుమంది. పావు చుట్టు తిరిగి, అక్కడ బిగుసుకుపోయింది. మళ్లీ లాగాడు. కదల్లేదు. ముగ్గురూ కలిసి లాగారు. కదల్లేదు.

నడవాలో గంట కొట్టింది.

భార్య సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గోడ లోపల ఏదో సన్నగా గరగరలాడి, దగ్గి, పారడం మొదలుపెట్టింది. ఆవిడ వచ్చి, గోడ మీద అరచేయి ఆనించి, పైకి జరిపింది, పక్కకి జరిపింది, వెనక్కి తెచ్చింది. జానెడు మేర ఆగింది.

"ఇక్కడ ఉంది" అంది.

కాసేపు అలాగే ఉంచింది. తర్వాత కాలితో స్టూలు లాక్కుని, వీపు ఆ జానెడుకి ఆనించి, సంచిలోంచి తొడుగు తీసి, సూదికి దారం ఎక్కించింది. దారం మొదటిసారికే ఎక్కింది. పది కుట్లు వేసి వేళ్లు ముడిచి, తెరిచి చూసుకుంది.

"పదిహేను రోజులు చూస్తా" అంది.

"గోడంతా వెచ్చబడేలా నూనె పోసి మళ్లీ తిప్పుతాలే, ఇవాళే..."

"ముందు దీన్ని ఉండనివ్వండి."

అత్తగారు పానా తీసుకుని వెళ్లిపోయింది. పోతూ, "మోటారు నడవాలో ఉంచకండి, తగిలి పడతారు" అంది.

కాబట్టి సమస్త లోహచక్రవాసులారా, వినండి. సింహాసనభంజనుడు, గంటకుపైగా ముప్పై డిగ్రీల సార్వభౌముడు అయిన సామానాయన ఆ మహాసమరంలో చేయి జారవిడిచినవి: ఐదు అరచేతులు, రెండు మడతబందులు, ఒక కెటిల్, తొమ్మిదిళ్ల రాజ్యం. చేతికి వచ్చినవి: పావు చుట్టు తిరిగిన ఒక వాల్వు, జానెడు వెచ్చటి గోడ, దానికి ఆనుకుని పన్నెండో కుట్టు దగ్గరున్న ఒక మనిషి, పదిహేను రోజులు.