సందు ఖాళీ అయిన పూట

ఆ రోజు పొద్దున్న వేసుకున్న పథకం చాలా చిన్నది. లాండ్రీ ఓనరమ్మ నగర కౌన్సిల్‌కి వెళ్ళాలి, తనకిచ్చిన మూడు నిమిషాలూ మాట్లాడాలి, మధ్యాహ్నంలోపు తిరిగొచ్చి హోటల్ దుప్పట్ల పని చూసుకోవాలి. అంతే.

మాట్లాడాల్సిన విషయమూ చిన్నదే. వాళ్ళ సందులోకి పగటిపూట సరుకుల బండ్లు రాకూడదని కౌన్సిల్ తీర్మానం చేయబోతోంది. హోటళ్ళ మురికి దుప్పట్లు లాండ్రీకి వచ్చేదీ పగలే, ఉతికినవి తిరిగి వెళ్ళేదీ పగలే. తీర్మానం నెగ్గితే లాండ్రీని ఊరి చివరికి మార్చుకోవాలి. లాండ్రీ వెళ్తుంది గానీ ఇస్త్రీ అక్క వెళ్ళలేదు. ఆవిడ ఇల్లు సందు చివరే. మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె ఆపి, ఇంటికెళ్ళి, మంచాన ఉన్న అత్తగారికి అన్నం పెట్టి వస్తుంది. ఈ సంగతి ఓనరమ్మ ఆవిడతో ఎత్తలేదు. ఆవిడా అడగలేదు. వారం రోజులుగా ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడతపెడుతూ, ఆ ఒక్క సంగతి తప్ప లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకుంటున్నారు.

ఉపన్యాసం రాసింది ఓనరమ్మ కూతురు. లాండ్రీ పైగదిలో కూర్చుని ఏదో కంప్యూటర్ కంపెనీకి పనిచేస్తుంది.

"అమ్మా, ఇంకోసారి చెప్పు."

"గౌరవనీయులైన సభ్యులందరికీ నా..."

"అది తీసేశాం కదమ్మా! సూటిగా విషయంలోకి వెళ్ళు."

"పెద్దవాళ్ళ ముందు సూటిగా ఏంటే? పెళ్ళికెళ్ళి, ఎవర్నీ పలకరించకుండా భోజనాల బల్ల దగ్గర కూర్చున్నట్టుంటుంది."

కూతురు చేసిన పని ఇంకొకటుంది. సందులోని షాపులవాళ్ళ గ్రూపులో ముందురోజే ఒక మెసేజ్ పెట్టింది: 'రేపు అందరూ కౌన్సిల్‌కి రండి. మనం ఎంతమందిమో వాళ్ళకి కనబడాలి.' పక్క షాపు వడ్రంగి దానికింద 'బండ్లు కూడా తేవాలా?' అని అడిగాడు. ఆ సమయానికి ఆమె ఆఫీసు కాల్‌లో ఉంది. పైనున్న ఇంకెవరి మెసేజ్‌కో అనుకుని, సరిగా చూడకుండా బొటనవేలు బొమ్మ నొక్కేసింది.

అందుకని పొద్దున్నే కిందికి దిగేసరికి సందులో ఉన్న బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఇంజన్లు ఆన్ చేసుకుని ఉన్నాయి. అన్నిటికీ ముందు లాండ్రీ వ్యాను. స్టీరింగ్ దగ్గర మావయ్య, అంటే ఓనరమ్మ తమ్ముడు. వెనక దుప్పట్ల మూటల మీద ఇస్త్రీ అక్క, ఉతికే విభాగం మొత్తం.

"మావయ్యా, ఇదంతా ఏంటి?"

"నువ్వేగా వేలు చూపించావు!"

"సరే, మరి ఆ మూటలెందుకు?"

"ఖాళీ బండి కదపకూడదు. మీ అమ్మ పెట్టిన రూలే. వచ్చేప్పుడు హోటల్లో దింపేద్దాం."

ఆ రూలు నిజంగానే ఓనరమ్మది. ఆవిడ రూళ్ళు మొత్తం రెండు. ఒకటి ఖాళీ బండి కదలకూడదు. రెండోది, వచ్చిన పనిని వద్దనకూడదు. ఈ రెండిటి మీదే ఇన్నేళ్ళుగా లాండ్రీ నడిచింది. ఆ పూట కౌన్సిల్ కూడా వీటి మీదే నడవబోతోందని అప్పటికి ఎవరికీ తెలియదు.

షాపుల షట్టర్లు దించేశారు. ఊరేగింపు కదిలింది. సందులో చివరికి ఒక పిల్లి మిగిలింది.

కౌన్సిల్ భవనం ముందు రోడ్డు, పాపం, వాళ్ళ సందు కంటే పెద్ద వెడల్పేమీ కాదు. మావయ్య వ్యానుని గేటుకి అడ్డంగా ఆపాడు. మిగతావాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకున్నారు. తల్లీకూతుళ్ళు పేరు నమోదు చేసుకోవడానికి లోపలికి వెళ్ళారు. వ్యాను మీద లాండ్రీ బోర్డు చూసిన వాచ్‌మన్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"వచ్చారా బాబూ! మీటింగ్ హాల్ పరదాలు ఉతికించమని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో! ఇవాళ్టికి పంపించారన్నమాట!"

మావయ్య ఇస్త్రీ అక్క వైపు చూశాడు. ఇస్త్రీ అక్క హాలు కిటికీల వైపు చూసింది. వచ్చిన పనిని వద్దనకూడదు.

"అబ్బ, వీటి రంగు ఏదై ఉంటుందంటావు?" అంది ఆవిడ ఒక పరదా చివర పట్టుకుని.

"ఉతికితే తెలుస్తుంది," అన్నాడు మావయ్య, నిచ్చెన ఎక్కుతూ.

సమావేశం ఆలస్యంగా మొదలైంది. చైర్‌పర్సన్ గారి కారు బండ్ల వెనక ఇరుక్కుపోతే, ఆవిడ చివరి మలుపు నుంచి నడిచొచ్చారు. మొహం ఎండకి కందిపోయి ఉంది. తీరా హాల్లోకి వస్తే అక్కడా ఎండే. కిటికీలకి పరదాల్లేవు. తెర మీద ఇంజనీర్ గారు నెల రోజులు కష్టపడి తయారుచేసిన బొమ్మలున్నాయి, కానీ వెలుతురికి ఏమీ కనబడటం లేదు.

"ఇక్కడ మీరు చూస్తున్నది సందులోని రద్దీ," అన్నారు ఇంజనీర్, తెల్లటి తెర వైపు కర్ర చూపిస్తూ.

"నేనేమీ చూడట్లేదండీ," అన్నారు చైర్‌పర్సన్. "పరదాలేవి?"

వెనక వరసలో ఇస్త్రీ అక్క తన ఒళ్ళో ఉన్న పెద్ద మూటని బెంచీ కిందికి తోసింది.

"సరే, ఆ పాత ఫొటోలొద్దు. రద్దీ అంతా ఈ టైమ్‌లోనే అన్నారుగా? ఇప్పుడెలా ఉందో చూపించండి."

"తప్పకుండా మేడమ్! దీపస్తంభానికి కెమెరా పెట్టించాను." ఇంజనీర్ ఉత్సాహంగా లాప్‌టాప్ ఎత్తి చైర్‌పర్సన్ ముందు పెట్టారు. సభ్యులంతా లేచొచ్చి ఆ చిన్న తెర చుట్టూ గుమిగూడారు.

తెర మీద సందు ఉంది. సందులో పిల్లి ఉంది. అది ఒళ్ళు విరుచుకుని, నడిరోడ్డు మీద ఎండలో పడుకుంది.

"రద్దీ ఇదేనా?" అన్నారు చైర్‌పర్సన్.

ఇంజనీర్ కేబుల్ తీసి మళ్ళీ పెట్టారు. పిల్లి అటు తిరిగి పడుకుంది.

కూతురు తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గెలిచేశామమ్మా! బండ్లే లేని సందులో నిషేధమేంటని వాళ్ళే కొట్టేస్తారు. నువ్విక నోరు విప్పకు."

ఓనరమ్మ కూతురి వైపు చూసింది. బెంచీ కింద మూటని కాళ్ళతో దాచుకుని కూర్చున్న ఇస్త్రీ అక్క వైపు కూడా చూసింది. గెలుపు ఎదురుగా కనిపిస్తోంది. కానీ రేపు బండ్లు మళ్ళీ సందులోకి వస్తాయి, కెమెరా అక్కడే ఉంటుంది. మరక పోకుండానే మడతపెట్టి ఇచ్చిన దుప్పటి ఎన్నాళ్ళకైనా తిరిగొస్తుంది. అది ఆవిడకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఆవిడ లేచి నిలబడింది. ఉపన్యాసం కాగితం కుర్చీలోనే ఉండిపోయింది.

"ఆ బండ్లన్నీ మీ గేటు ముందున్నాయండీ. అందరికంటే అడ్డంగా ఉన్నది నాది. మీ పరదాలు కూడా మావాళ్ళ దగ్గరే ఉన్నాయి. అబద్ధమెందుకు, మా మాట మీకు వినబడితే చాలని వచ్చాం గానీ, ఇదంతా చేద్దామని రాలేదు."

చైర్‌పర్సన్ తన చెప్పుల మీది దుమ్ము వైపు చూసుకున్నారు. తీర్మానం ప్రతిపాదించిన కౌన్సిలర్ ఇదే అదననుకుని మైకు దగ్గరికి లాక్కున్నారు. ఆయన ఇల్లూ ఆ సందులోనే.

"చూశారా మేడమ్! వీళ్ళ ధోరణి ఇది. పొద్దస్తమానం ఆ బండ్ల మోతకి మా అమ్మకి కంటిమీద కునుకుండట్లేదు. నేను అడుగుతున్నది ఆవిడ కోసం. ముసలి ప్రాణం, కాస్త ప్రశాంతంగా..."

అంతలో ఆయన ఫోన్ మోగింది. పేరు చూసి, ఎత్తకపోతే ఊరుకునే మనిషి కాదని ఎత్తారు. మైకు ఆపడం మరిచిపోయారు.

"ఒరేయ్, ఎక్కడున్నావ్?" హాలంతా వినబడింది. "సందులో ఎవరూ లేర్రా! షాపులన్నీ మూసేశారు. ఊళ్ళో ఏదైనా అయిందా? కర్ఫ్యూ పెట్టారా?"

"ఏం కాలేదమ్మా, మీటింగ్‌లో ఉన్నా..."

"ఏం కాకపోతే వ్యాను అబ్బాయి ఇంకా రాలేదేం? రోజూ ఈపాటికి హారన్ కొట్టి 'మామ్మగారూ, మందు వేసుకున్నారా' అని అడిగి పోతాడు. ఇస్త్రీ అమ్మాయీ ఇటు తొంగిచూళ్ళేదు. నాకు భయంగా ఉందిరా. కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చుంటున్నా."

లాప్‌టాప్ తెర మీద ఒక తలుపు తెరుచుకుంది. చేత్తో కుర్చీ ఈడ్చుకుంటూ ఒక ముసలావిడ బయటికొచ్చింది. సందు ఈ చివర చూసింది. ఆ చివర చూసింది. పిల్లిని ఏదో అడిగింది. పిల్లి లేచి వెళ్ళిపోయింది. ఆవిడ చెవి దగ్గర ఫోనుతో అలాగే కూర్చుండిపోయింది. తెర చుట్టూ వంగిన తలలన్నీ వంగే ఉన్నాయి. ఇంత దగ్గరగా ఆ సందుని వాళ్ళలో ఎవరూ ఇదివరకు చూసినట్టు లేరు, అందులోనే పుట్టిన కౌన్సిలర్‌తో సహా.

"అమ్మా," అన్నారాయన మెల్లిగా, "మోతకి నిద్ర పట్టట్లేదన్నావు కదా?"

"అది మోకాళ్ళ నొప్పికి పట్టట్లేదురా. అలా చెప్తే నువ్వు డాక్టర్ దగ్గరికి లాక్కెళ్తావని మోత మీదికి తోశాను. దానికి నువ్వు సందు మూయించేశావా ఏంటి?"

ఓనరమ్మకి ఇంకా ఒకటిన్నర నిమిషం మిగిలే ఉంది. ఆవిడ తెర వైపు చూపించి ఒక్క మాట అంది. "మీరు తీర్మానం చేస్తే రోజూ ఇలాగే ఉంటుందండీ." అంతే, కూర్చుంది.

తీర్మానాన్ని కౌన్సిలరే వెనక్కి తీసుకున్నారు. మెట్లు దిగుతూ మావయ్యని పక్కకి పిలిచి, "ఆ మందు... నిజంగానే వేసుకుంటోందా?" అని అడిగారు. "ఒకరోజు వేసుకుని ఒకరోజు ఎగ్గొడుతుంది సార్. హారన్ ఇంకొంచెం గట్టిగా కొట్టమంటారా?" అన్నాడు మావయ్య. కౌన్సిలర్ కాసేపు ఆలోచించి, కొట్టమన్నారు.

తిరుగు ప్రయాణంలో ఓనరమ్మ ముందు సీట్లో కూర్చోలేదు. వెనక మూటల మీద ఇస్త్రీ అక్క పక్కన కూర్చుంది.

"ఊరి చివర షెడ్డు చూసొచ్చారట కదా," అంది చివరికి ఇస్త్రీ అక్క.

"నీకెవరు చెప్పారు?"

"దుప్పటి కొస మీరు లాగే తీరే చెప్పిందిలెండి."

ఓనరమ్మ మొహం పక్కకి తిప్పుకుని ఒక పరదా అంచు వేళ్ళతో నలిపి చూసింది. "ఇది నీలం అయ్యుంటుంది," అంది. రెండు రోజుల తర్వాత ఉతికి చూస్తే నిజంగానే నీలం.

ఆ రోజు కౌన్సిల్ సమావేశం మాత్రం ఒక తీర్మానం చేయకుండా ముగియలేదు. చైర్‌పర్సన్ గారు స్వయంగా ప్రతిపాదించారు, అందరూ చేతులెత్తారు: కౌన్సిల్ భవనం ముందు రోడ్డు మీద పగటిపూట సరుకుల బండ్లు ఆపకూడదు.

పరదాలు ఇస్త్రీ చేసి, మడతపెట్టి, ఇప్పటికీ లాండ్రీలోనే ఉన్నాయి. వాటిని దింపడానికి కౌన్సిల్ ముందు బండి ఆపే వీల్లేదు.