తాత చదివితే మనవడికి సీటు

మార్కులు చూసి సీటివ్వడమంత అన్యాయం లోకంలో మరొకటి లేదు!

కోప్పడకండి. బడిపంతులుగా ఇన్నేళ్లు మార్కులు వేసినవాణ్ణి, ఆలోచించే చెబుతున్నాను. మార్కులదేముంది? కూర్చుని చదివితే ఎవరికైనా వస్తాయి. తాత అలా వస్తాడా? ఎంత కష్టపడి చదివితే మాత్రం ఒక తాతను సంపాదించగలం?

అందుకే మా పట్నంలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ తెచ్చిన కొత్త పద్ధతికి చేతులెత్తి మొక్కుతున్నాను. పూర్వ విద్యార్థుల పిల్లలకు, మనవలకు అక్కడ చలికాలంలోనే ఎర్లీ అడ్మిషన్. పదో తరగతి పరీక్ష రాయకముందే ఇంటర్ సీటు ఖాయం! పిల్లవాడు ఎలా చదువుతాడోనన్న బెంగ లేదు. ఆ చదివేదేదో ముందు తరమే చదివేసింది.

నిజంగా చదివిందా అని మాత్రం అడక్కూడదు. మిర్చి వ్యాపారి బలరాం అక్కడే ఇంటర్ తప్పి, మళ్లీ తప్పి, మళ్లీ కట్టి తప్పాడు. ఆయన కొడుక్కే అందరికంటే ముందు సీటొచ్చింది.

"పాసైనోడు రెండేండ్లల్ల ఎల్లిపాయె సారూ. నేనైతే ఆడనే ఉంటి! కాలేజీతోని నా అంత సుట్టరికం ఎవనికున్నది?" అని నవ్వాడు.

ఈ తర్కానికి మీ దగ్గర జవాబుందా?

ఇక దూలయ్య సంగతి. ములకలపల్లి అవతల అడవి అంచున కోయగూడెం వాళ్లది. కూతురు వనజ నా విద్యార్థిని, మా బడిలో మొదటిది. బైపీసీ చదవాలని ఆ పిల్ల పట్టుదల. వాళ్లకు అందే దూరంలో బైపీసీ, హాస్టల్ రెండూ ఉన్నది ఆ కాలేజీలోనే. దూలయ్య ఆఫీసుకు వెళ్లి అడిగితే, తాతముత్తాతల సంబంధం ఉన్నవాళ్లకే ముందు సీటన్నారు.

దూలయ్య పొంగిపోయాడు. తాతముత్తాతలా! కోయవాళ్లకు ఇంతకంటే సులువైన ఎంట్రెన్స్ ఉంటుందా?

మర్నాడు వంశకథలు పాడే డోలివాళ్ల పెద్దాయనను, డోలుతో సహా ఆటోలో తెచ్చి ప్రిన్సిపాల్ సువర్ణ మేడమ్ గది ముందు దించాడు. పెద్దాయన మూలపురుషుడి దగ్గర ఎత్తుకున్నాడు. మధ్యాహ్నం బెల్లు మోగేసరికి పూర్వీకులు ఇంకా గోదావరి దాటలేదు.

"ఏంటయ్యా ఇదంతా?" అంది మేడమ్.

"మా తాతలు మేడమ్. సగం గూడ కాలే. జర ఓపిక పట్టుండ్రి, మాపటికల్లా మా అయ్య పుడ్తడు."

"వీళ్లలో మా కాలేజీలో చదివింది ఎవరు?"

దూలయ్య తెల్లబోయాడు. "అప్పటికి మీ కాలేజీ యాడుంది మేడమ్?"

చూశారా, తప్పెక్కడుందో? కాలేజీ కంటే ముందే పుట్టేసిన వంశం! పూర్వీకులకు అంత తొందర పనికిరాదు.

మేడమ్‌ది మెత్తని మనసు. "మీ అమ్మాయి ఇక్కడ చదివుంటే, రేపు ఆమె పిల్లలకు కళ్లు మూసుకుని ఇచ్చేదాన్ని" అని ఓదార్చింది.

మొన్న ఫలితాలొచ్చాయి. మండలంలో వనజే ఫస్ట్. ఈసారి తండ్రీకూతుళ్ల వెంట నేనూ వెళ్లాను. సీట్లు చలికాలంలోనే నిండిపోయాయన్నారు.

తిరుగు బస్సులో దూలయ్య నన్నే సముదాయించాడు. "పోనీ తీయ్ సారూ. మా తాతలు సదవకపోతే నువ్వేం జేస్తవ్?"

వనజ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేదాకా తిరగలేదు.

అంతమాత్రాన ఆ పిల్లకు అన్యాయం జరిగిందని అనుకోకండి. ఎర్లీ అడ్మిషన్ ఆమెకూ దొరికింది. ఇప్పుడు పొద్దు పొడవకముందే బీడీలు చుట్టే తునికాకు కోతకు అడవికి పోతోంది. అక్కడ మార్కులు అడగలేదు, పరీక్ష పెట్టలేదు. వాళ్లమ్మ అక్కడి పూర్వ విద్యార్థిని. అమ్మమ్మ కూడా.