కదలకుండా గెలిపించినవాళ్ళు

ఒక పెద్ద అడవిలో రెండు క్రికెట్ జట్లు ఉండేవి. మగ జంతువుల జట్టును అడవి జట్టు అనేవారు. ఆడ జంతువుల జట్టును అడవి ఆడ జట్టు అనేవారు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగను.

అడవి జట్టుకు వాగు పక్కన చదునైన మైదానం ఉండేది. ఆ జట్టు వరసగా ఏడు సిరీస్‌లు ఓడిపోయింది కాబట్టి దానికి సాధన చాలా అవసరమని, పొద్దున్నా సాయంత్రమూ మైదానం దానికే ఉండాలని సింహరాజుగారి ఆజ్ఞ. ఆడ జట్టు రాళ్ళగుట్ట మీద ఆడుకునేది. కిందటి వేసవిలో బంతి కోసం దూకి దుప్పి తులసి అక్కడే ముందుకాలు విరగ్గొట్టుకుంది. కాలు అతుక్కుంది గానీ పరుగు పోయింది.

జట్టు కెప్టెన్ ముంగిస మాణిక్యం. తులసి పడిన రోజు నుంచి ఆమెకు ఒకటే పట్టుదల, ఎలాగైనా ఆ మైదానం సంపాదించాలని. రోజూ వెళ్ళి రాజుగారి గుహ ముందు నిలబడేది. రాజుగారికి విసుగొచ్చింది.

"నది అవతలి అడవితో మీకు సిరీస్ ఉందిగా. గెలిచినవాళ్ళకే మైదానం. ఇక వెళ్ళు, పడుకోవాలి," అన్నాడు.

మొదటి మ్యాచ్‌కు తొమ్మిది మంది వచ్చారు. అందులో ఐదుగురు నీడ కోసం వచ్చారు. మన ఆడ జట్టు నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయింది. సాయంత్రానికల్లా, మ్యాచ్ చూడనివాళ్ళంతా నీళ్ళరేవు దగ్గర చేరి మ్యాచ్ గురించి మాట్లాడుకున్నారు.

"నేను ముందే చెప్పానా లేదా?" అన్నాడు నక్క రామదాసు. అతను ముందు ఏమీ చెప్పలేదు.

"బ్యాటు పట్టుకునే తీరులోనే లోపం ఉంది," అన్నాడు నెమలి నీలకంఠం. పింఛం నలుగుతుందని అతను ఏనాడూ బ్యాటు ముట్టుకోలేదు.

"పిల్లల్ని ఇంట్లో వదిలేసి వస్తే మనసు బంతి మీదెలా ఉంటుంది?" అన్నాడు అడవిదున్న బసవయ్య. ఆయనకు పదకొండు మంది పిల్లలు. పేర్లు అడిగితే నాలుగు చెబుతాడు.

రెండో మ్యాచ్‌కు బసవయ్య చూడటానికి రాలేదు. వీపు దురద పెడుతుంటే గట్టు మీది మద్దిచెట్టుకు రుద్దుకోవడానికి వచ్చాడు. రుద్దుకుని రుద్దుకుని అలసిపోయి ఎడమ పక్కకు ఒరిగి కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కొండముచ్చు సుభద్ర వేసిన బంతికి అవతలి జట్టు వికెట్ పడింది. బసవయ్య కుడికి ఒరిగాడు. ఫోర్ పోయింది. మళ్ళీ ఎడమకు ఒరిగాడు. ఇంకో వికెట్ పడింది.

పక్కనే ఉన్న రామదాసు ఉలిక్కిపడ్డాడు.

"బాబాయ్, కదలకు!"

"కాలు తిమ్మిరెక్కిందిరా."

"ఎక్కనీ. నీ కాలు ముఖ్యమా, అడవి పరువు ముఖ్యమా? ఎడమకే ఉండు."

బసవయ్య ఎడమకే ఉన్నాడు. మ్యాచ్ గెలిచారు. ఆ రోజు సుభద్ర ఐదు వికెట్లు తీసింది. ఆ సంగతి కూడా ఒకరిద్దరు గమనించారు.

మర్నాడే అభిమాన సంఘం పుట్టింది. అధ్యక్షుడు బసవయ్య, కార్యదర్శి రామదాసు. ఏ బంతికి ఎవరు ఎటు తిరిగి ఉన్నారో రామదాసు టేకాకు మీద గీసి పెట్టాడు. ఆరో వికెట్ పడ్డప్పుడు నీలకంఠం మెడ వెనక్కి తిప్పి ఈకలు సర్దుకుంటున్నాడు కాబట్టి ఇక మీదట ఆ మెడ వెనక్కే ఉండాలని తీర్మానించారు. ముళ్ళపంది ముత్యాలు అప్పుడు కాలిలో తుమ్మముల్లు గుచ్చుకుని ఒంటికాలు ఎత్తుకుని ఉన్నాడు. సిరీస్ అయ్యేదాకా ముల్లు తియ్యకూడదన్నారు.

"నొప్పిగా ఉంది," అన్నాడు ముత్యాలు.

"అడవి కోసం ఆ మాత్రం భరించలేవా?" అని అందరూ అతన్ని తిట్టారు.

మూడో మ్యాచ్‌కు అడవంతా వచ్చింది. ఎక్కడివాళ్ళు అక్కడ బిగుసుకుపోయి కూర్చున్నారు. ఆఖరి బంతికి నాలుగు పరుగులు కావాలి. మాణిక్యం కళ్ళు మూసుకుని ఒక్కసారి తులసిని తలుచుకుంది, కళ్ళు తెరిచి కొట్టింది. బంతి గాల్లో లేచి గట్టు మీదికి వచ్చి బసవయ్య ముక్కుకు తగిలింది. ఆయన కదల్లేదు. నిజం చెప్పొద్దూ, అది సాహసమే.

సిక్స్! గట్టు మీద ఒకటే కేకలు. అందరూ కలిసి బసవయ్యను భుజాల మీదికి ఎత్తబోయారు. లేవకపోయేసరికి దండ వేసి ఊరుకున్నారు.

మాణిక్యం జట్టును వెంటబెట్టుకుని గుహకు వెళ్ళేసరికి రామదాసు అప్పటికే టేకాకు పట్టుకుని అక్కడ ఉన్నాడు.

"రుజువులున్నాయి మహారాజా. గెలిపించింది మా సంఘం. మైదానం మాకే రావాలి."

"మీకెందుకయ్యా మైదానం?"

"సాధనకు మహారాజా. కదలకుండా కూర్చోవడం అనుకున్నంత తేలిక కాదు."

ఈ మాట రాజుగారికి నచ్చింది. ఆ అడవిలో వేటాడేది రాణిగారు, వేటవీరుడనే బిరుదు రాజుగారిది.

"నాకు తెలియదా!" అన్నాడు ఆయన. "నేను నీడలో ఇటు తిరిగి పడుకుంటేనే రాణికి వేట దొరుకుతుంది. అటు తిరిగితే దొరకదు. మైదానం మీదే."

మాణిక్యం వెనక్కి తిరిగింది. వెనక కుంటుకుంటూ వచ్చిన తులసిని చూసేసరికి ఏడుపొచ్చింది. గట్టిగా అరుద్దామని నోరు తెరిచి, రాజుగారి పంజా చూసి, గొంతు మార్చుకుంది.

"ధర్మమే మహారాజా. వాళ్ళు కూర్చోబట్టే గెలిచాం. కానీ ఎదురుగా ఆట లేకపోతే ఏ బంతికి ఎటు ఒరగాలో పాపం వాళ్ళకెలా తెలుస్తుంది? మేం పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఆ మైదానంలో ఆడుతూ ఉంటాం. వాళ్ళు చక్కగా సాధన చేసుకుంటారు."

"ఎంత మంచి మనసమ్మా నీది!" అన్నాడు రాజుగారు. "రామదాసూ, చూసి నేర్చుకో."

"ఇంకొక్క మనవి. సాధనలో కదలడం అలవాటైతే మ్యాచ్‌లో కొంప మునుగుతుంది. ఎవరైనా కనిపెట్టుకుని ఉంటే మంచిది."

రాజుగారు చిరుతపులిని పంపించాడు. ఆమె చాలా మర్యాదస్తురాలు. ఎవరినీ ఏమీ అనేది కాదు. కదిలినవాళ్ళ పక్కకు వచ్చి కూర్చునేది, అంతే.

మొదటి రోజు సంఘం పాటలు పాడుకుంటూ కూర్చుంది. రెండో రోజు పాటలు లేవు. మూడో రోజుకు నీలకంఠం మెడ తిప్పమన్నా తిరగలేదు. ఐదో రోజుకు ముత్యాలు కాలు గుమ్మడికాయంత వాచింది. బసవయ్య ముక్కు మీద ఈగలు ముసిరాయి, తోలుకుందామంటే పక్కన చిరుత. ఎదురుగా ఆడ జట్టు హాయిగా పరిగెడుతోంది, దూకుతోంది, పడుతోంది, లేస్తోంది.

ఏడో రోజు మధ్యాహ్నం బసవయ్య పెదవి కదపకుండా అన్నాడు.

"ఒరే రామదాసూ. ఆ సిరీస్ వాళ్ళే గెలిచారేమోరా?"

"ఎవరు బాబాయ్?"

"ఆడినవాళ్ళు."

రామదాసు చాలాసేపు ఆలోచించాడు. అంతకుముందు అతనికి ఆ కోణం తట్టలేదు.

"అలా కూడా అనుకోవచ్చు," అన్నాడు.

ఎనిమిదో రోజున సంఘం ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. గెలుపు పూర్తిగా ఆడ జట్టుదేననీ, తమ కూర్చోవడానికీ దానికీ ఏ సంబంధమూ లేదనీ, మైదానం వాళ్ళకే చెందాలనీ టేకాకు మీద గీసి, అందరూ కాలిముద్రలు వేసి, సంఘాన్ని రద్దు చేసుకున్నారు. రాజుగారు బాధపడుతూనే ఒప్పుకున్నాడు. ఆ కబురు చెవిన పడగానే ముత్యాలు ముల్లు పీకించుకోవడానికి మూడు కాళ్ళ మీద పరిగెత్తాడు.

మర్నాడు పొద్దున్నే తులసి కుంటుకుంటూ మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. కాలికి ఒక్క రాయి తగల్లేదు. తిరిగొచ్చి మాణిక్యం పక్కన కూర్చుని ఏడ్చింది. మాణిక్యమూ ఏడ్చింది. సంతోషానికే.

వానాకాలం పోయాక ఆడ జట్టు నది దాటి వెళ్ళి మళ్ళీ మూడు మ్యాచ్‌లు ఆడింది. వెంట ఒక్క అభిమాని వెళ్ళలేదు. మూడూ గెలిచి తిరిగొచ్చేసరికి రేవు దగ్గర మేళతాళాలు వినిపించాయి. మాణిక్యం ఆశగా ముందుకు నడిచింది.

అక్కడ బసవయ్య మెడలో దండ ఉంది. రామదాసు కొత్త టేకాకు చదువుతున్నాడు.

"మహారాజా, ఈ మూడు మ్యాచ్‌లలో మేమెవ్వరం ఒక్క బంతి కూడా చూడలేదు. చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా అడవి కోసం ఆగాం. మేం చూడలేదు కాబట్టే మూడూ గెలిచాం. మైదానాలూ అవీ వద్దు, సన్మానం చాలు."

సన్మానం ఘనంగా జరిగింది. సభకు జనం తక్కువయ్యారని ఆడ జట్టును కూడా పిలిచారు. వాళ్ళు ఆఖరి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు.

నీతి: గెలవాలంటే ఆడాలి, గెలిపించాలంటే చూడనైనా అక్కర్లేదు.