పోయిన హెచ్ కోసం పోరు

క్లైడ్ నదీశీకర శీతలమై, నిరంతర మేఘమాలికా పరివేష్టితమై, గొడుగు మరచిన వారిపై దయలేనిదై వెలయు గ్లాస్గో మహానగరమందు, నవంబరు మాసపు శనివారమున, పదింటికి పది నిమిషములు తక్కువైన శుభముహూర్తమున, రికార్డుల దుకాణము ముందు తడిసి ముద్దయిన వీరుల వరుసలో, షష్టివర్షప్రాయ అయిన వారీ మెకాస్కిల్ కట్టకడపట నిలిచియుండెను.

ఆమె రోషమునకు కారణము ఒక అక్షరము. నలభై ఏండ్ల క్రిందట 'సాడ్ మిట్టెన్స్' అను బృందము ఒక స్నేహితురాలి వంటింట తన తొలి రికార్డును పాడగా, మూడవ పాటకు టాంబొరీన్ అను గజ్జెల కంజిరను మోగించినది ఆమెయే. అట్టలోపలి కాగితమును టైపు చేసిన మహానుభావుడు ఆమె పేరులో ఎం పక్కనుండవలసిన హెచ్‌ను మింగివేసెను. ఆ దేశమున ఎం, హెచ్ కలిసినచో 'వ' అని పలుకుదురు; హెచ్ ఉన్ననే వారీ. అది రాలిపోయిన మారీ. నాటినుండి మిత్రులకు ఆమె 'బిస్కెట్' ఆయెను. నేడు నలభయ్యవ వార్షికోత్సవ ముద్రణ వెలువడుచున్నది. హెచ్ తిరిగి వచ్చినదా? ఒకరిని అడిగి తెలిసికొనుట ఆమె ఆత్మాభిమానమునకు తగదు. కన్నులార చూడవలసినదే!

తలుపులు తెరచుకొనెను. మోచేతులు ఖడ్గములాయెను. అయినను ఆమె కౌంటరు చేరుసరికి, ముందున్న తెల్లచేతితొడుగుల గ్రెగర్ బెయిలీ ఒక ప్రతిని గుండెకు హత్తుకొనియుండెను.

"అదే ఆఖరిది తల్లీ," అన్నాడు దుకాణదారు.

"అయ్యా, ఆ ప్లాస్టిక్ విప్పి లోపలి కాగితం ఒక్కసారి చూపిస్తారా?"

"విప్పడమా!" గ్రెగర్ గర్జించెను. "విప్పితే అది రికార్డు కాదమ్మా, శవం! మా ఇంట్లో ఎనిమిది వందలున్నాయి. ఒక్కదానికీ గాలి తగలనివ్వలేదు."

"మరి పాటలెలా వింటారు?"

"ఫోన్లో."

అంతట వారీ తన బ్రహ్మాస్త్రము సంధించెను. "మూడో పాటలో టాంబొరీన్ నాదేనండీ."

గ్రెగర్ గిరుక్కున ఆమెవైపు తిరిగెను. "మారీయా మీరు? రెండో చరణంలో ఒక దెబ్బ ఆలస్యంగా పడుతుందే! అది కావాలనే వేశారని నేనూ, కాదని మా బావమరిదీ. ఆ గొడవతో పదేళ్ళుగా మాకు మాటల్లేవు. నిజం చెప్పండి, విప్పేస్తాను!"

'కావాలనే' అన్న చాలును, అతడు ఆనందముతో చించివేయును! కాని నలభై ఏండ్లు ఒక తప్పును మోసిన ఆ తల్లికి మరొక తప్పును పుట్టించుటకు నోరు రాలేదు.

"తుమ్మొచ్చింది."

"తుమ్మా?"

"ఆ వంటింట్లో హీటర్ లేదండీ."

"మా బావమరిది తుమ్మే అన్నాడు, వెధవ!" అని గ్రెగర్ నిట్టూర్చి, నిట్టూర్చి, చివరకు పకపక నవ్వి, తొడుగు తీసి, వజ్రాయుధసమానమగు బొటనవేలి గోటితో ఆ ప్లాస్టిక్ కవచమును నిలువునా చీల్చెను.

అక్షరములు చీమతలలంత. వారీ కళ్ళజోడు వాననీటితో మసకబారియుండెను.

"మీరే చదవండి," అనెను ఆమె.

"గిటార్... డ్రమ్స్... టాంబొరీన్..." గ్రెగర్ ఆగి, కాగితమును, ఆమెను మార్చిమార్చి చూచెను. "ఇదేంటి, మీరు వారీయా?"

దుందుభులు మ్రోగుగాక! చత్వారింశద్వర్ష మహాసంగ్రామము ముగిసెను. పక్షద్వయమునకు వాటిల్లిన నష్టము: ఒక ప్లాస్టిక్ కవరు. స్వాధీనమైన సామ్రాజ్యము: ఒక హెచ్.